మావు మూతి ఎటు?

"ఇందులో ఎర ఎక్కడ పెట్టాలి మావయ్యా?" అని చేపలు పట్టే వెదురు మావు చూపిస్తూ అడిగాను. మావయ్య నోట్లో చుట్ట తీసి నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ చుట్ట పెట్టేసుకున్నాడు. ఏమీ అనలేదు. పక్కన గడ్డి కోస్తున్న అత్తయ్య మాత్రం పకపకా నవ్వింది. "మీ పట్నంలో చేపలకి కూడా టిఫిన్లు పెడతారేంటి అల్లుడూ?"

రెండేళ్ళ క్రితం మాట ఇది. నాన్నకి మోకాలి ఆపరేషన్ అయితే జూన్‌లో ఊరికి వచ్చాను. డిసెంబరు దాకా, అంటే లెక్కగా ఒక సార్వా, వానాకాలం వరి పంట కాలం, ఇంటి అరుగు మీద లాప్‌టాప్ పెట్టుకుని ఉద్యోగం చేశాను. మా ఊరు ముమ్మిడివరం దాటాక కాట్రేనికోన వైపు. ఒకపక్క కొబ్బరితోటలు, ఒకపక్క వరి, ఊరి చివర మురుగు కోడు. చిన్నప్పుడు వానపాములు తవ్వి కొబ్బరిచిప్పలో పోసుకుని గేలాలు వేసినవాణ్ణే. అందుకే చేప అంటే ఎర అని బుర్రలో పాతుకుపోయింది. మావులు కూడా చూశాను కానీ అవి పెద్దవాళ్ళ సరంజామా, ముట్టుకుంటే తిట్టేవారు.

మావయ్యతో మాకు చుట్టరికం ఏమీ లేదు, వీధి వరస. ఎకరంన్నర కౌలు చేస్తాడు. వానాకాలం నాలుగు నెలలూ పొద్దున్నే మావులు ఎత్తుకుని వచ్చాకే టీ తాగుతాడు. నాకు నేర్పించమని అడిగితే, "నేర్పడానికేముందిరా, నీళ్ళు ఎటు పోతన్నాయో చూడ్డమే గదా" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు తప్పించుకోవడానికి అన్నట్టు వినపడింది.

తెలియనివాళ్ళ కోసం మావు ఎలా ఉంటుందో చెప్తాను. నిలువుగా నిలబడే వెదురు పెట్టె. మేం చేసినవి రెండడుగుల పైచిలుకు ఎత్తు, అడుగున్నర పొడవు, ఇంచుమించు ముప్పావు అడుగు వెడల్పు. నాలుగు పక్కలా సన్నటి వెదురు పుల్లలు నిలువుగా పేర్చి తాడుతో అల్లుతారు. ఒక ముఖాన మాత్రం పైనుంచి కిందదాకా చీలిక ఉంటుంది. ఆ చీలికకి రెండువైపులా ఉన్న పుల్లలు లోపలికి వంగి, చివర్లు దాదాపు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. బయటినుంచి చేప మూతితో తోస్తే పుల్లలు విచ్చుకుంటాయి. అది లోపలికి వెళ్ళగానే మళ్ళీ దగ్గరపడతాయి. అంతే. కొక్కెం లేదు, స్ప్రింగు లేదు. పైన మూత, చేపలు తీసుకోవడానికి.

వెదురు మాకు దొరకదు. రావులపాలెం వెళ్ళి రెండు బొంగులు తెచ్చుకున్నాం. మావయ్య వాటిని కోసి, కణుపుల దగ్గర చెక్కి, పచ్చి పుల్లలుగా చీల్చి, కట్టలు కట్టి, చెరువు బురదలో పది రోజులు నానేశాడు. నానితే వెదుర్లో ఉన్న తీపి దిగిపోయి పుచ్చు పట్టదట. పది రోజుల తర్వాత తీస్తే ఆ కట్టల కంపుకి మా అమ్మ పెరట్లోకి కూడా రానివ్వలేదు. పుల్లలు నున్నగా గీయడం నా పని. కత్తి ఎలా పట్టుకోవాలో తెలియక మొదటి రోజే బొటనవేలు తెగింది. సాయంత్రం ఆఫీసు మీటింగులో వేలికి గుడ్డ కట్టుకుని టైప్ చేస్తుంటే మేనేజరు ఏమైందని అడిగాడు. కూరగాయలు తరుగుతుంటే తెగిందని చెప్పాను.

అల్లకంలో అన్నిటికన్నా కష్టం మూతి. లోపలికి వంగే పుల్లలు మిగతావాటికన్నా పలచగా ఉండాలి. మరీ పలచనైతే పెద్ద చేప కొట్టి విరగ్గొడుతుంది, మరీ మందమైతే చిన్న చేప తోయలేక వెనక్కి పోతుంది. మావయ్య ఒక్కో పుల్లనీ చెంపకి ఆనించి వంచి చూసేవాడు. వేలికి తెలియని బిగువు చెంపకి తెలుస్తుందంటాడు. నేనూ ప్రయత్నించాను, నాకైతే అన్నీ ఒకలాగే అనిపించాయి. రెండు చివర్ల మధ్య ఎంత సందు ఉంచాలని అడిగితే చిటికెనవేలు చూపించాడు. పక్క పుల్లల మధ్య సందు కూడా అంతకు కొంచెం తక్కువ. "మరీ దగ్గరగా కడితే పిల్లలు కూడా ఉండిపోతాయి. వాటిని ఏం చేసుకుంటాం, పొడుంలా ఉంటాయి." నాలుగు మావులకి మాకు తొమ్మిది రోజులు పట్టింది. ఆయన ఒక్కడే అయితే ఐదు రోజుల్లో అయిపోయేవి.

ఇక నీళ్ళ సంగతి. మా ప్రాంతంలో నీళ్ళకి రెండు దారులు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మొదలైన కాలువల నీళ్ళు పిల్లకాలువల్లోకి, బోదెల్లోకి, అక్కణ్ణుంచి చేలోకి వస్తాయి. చేలో ఎక్కువైనవి, వాన నీళ్ళు, గట్టుకు పెట్టిన తూములోంచి మురుగు కోడులోకి దిగి, పెద్ద డ్రెయిన్లలో కలిసి సముద్రం వైపు పోతాయి. వేసవిలో కాలువలు కట్టేస్తారు. చేలు బీటలు తీస్తాయి. అప్పుడు చేపలన్నీ కోడులో, చెరువుల్లో, గుర్రపుడెక్క కింద మిగిలిన గుంటల్లో తలదాచుకుంటాయి. జూన్‌లో కాలువలకి నీళ్ళు వదిలి, ఆపైన నాలుగు గట్టి వానలు పడితే చేలోంచి కోడులోకి నీళ్ళు దిగడం మొదలవుతుంది. ఆ కొత్త నీటి వాసనో, చల్లదనమో తెలియగానే పరిగెలు, జెల్లలు, మట్టగిడసలు కోడులోంచి చేలోకి ఎదురెక్కుతాయి. చేలో పలచటి నీళ్ళు, మేత, పెద్ద చేపల బెడద తక్కువ. గుడ్లు పెట్టుకోవడానికి అంతకన్నా మంచి చోటు వాటికి ఉండదు.

ఇదంతా నాకు ఆ జూలైలో తెలియదు. మొదటిసారి మావు పెట్టడానికి వెళ్ళినప్పుడు మావయ్య కావాలనే నన్ను ఒంటరిగా వదిలేశాడు. "నీకు తోచినట్టు పెట్టు. నేను పొద్దున్నే వచ్చి చూత్తాను."

చేలోంచి కోడులోకి మూరెడు వెడల్పున నీళ్ళు దిగుతున్న గండి ఒకటి చూసుకున్నాను. నీళ్ళు చేలోంచి వస్తున్నాయి కాబట్టి చేపలు కూడా చేలోంచే వస్తాయని లెక్కేశాను. మూతి చేను వైపు పెట్టి, రెండు పక్కలా బురద ముద్దలు పేర్చి, కర్ర పాతి కట్టి, చాలా గర్వంగా ఇంటికొచ్చాను. రాత్రి నిద్ర పట్టలేదు, అంత టెన్షన్. పొద్దున్నే ఐదింటికి వెళ్ళి ఎత్తితే లోపల రెండు కొబ్బరి ఈనెలు, ఒక కప్ప.

మావయ్య వచ్చాడు. మావుని కాదు, మావు వెనకాల కోడు వైపు చూపించాడు. అక్కడ నీళ్ళు మావుకి తగిలి తిరిగే చోట వేలెడేసి పరిగెలు పదో పదిహేనో, ప్రవాహానికి ఎదురుగా ముక్కులు పెట్టి, తోకలు ఆడిస్తూ, పుల్లల గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాయి. లోపలికి రావడానికి దారి వెతుక్కుంటున్నాయి. దారి అటుపక్క ఉంది.

"ఏం చెప్పాను? నీళ్ళు ఎటు పోతన్నాయో చూడమన్నాను. చేప ఎటు పోద్దో కూడా నువ్వే చూసుకోవాలి." మావుని గిరుక్కున తిప్పి మూతి కోడు వైపు పెట్టాడు. మేం గట్టు మీద కూర్చున్నాం. చుట్ట సగం కాలేలోపే మావులో తపతపమని చప్పుడు.

ఆ రోజు చూసినదాంతో నాకు ఎర సంగతి అర్థమైంది. చేప మావులోకి తిండికని రాదు. అది ఎక్కడికో వెళ్తోంది. ఆ వెళ్ళే దారిలో అన్ని సందులూ మూసి ఒక్కటే తెరిచి పెట్టడమే మన పని. చేప ఒంటికి రెండు పక్కలా సన్నటి గీత కనిపిస్తుంది చూడండి, నీటి కదలిక దానితోనే పడుతుంది. చీకట్లో, బురద నీళ్ళలో కూడా ఎక్కడినుంచి నీళ్ళు తోసుకొస్తున్నాయో దానికి తెలుసు. అడ్డం తగిలితే వెనక్కి పోదు, ఆ అడ్డాన్నే ఒరుసుకుంటూ సందు దొరికేదాకా పక్కకి వెళ్తుంది. లోపలికి వచ్చాక కూడా అదే అలవాటు. గోడ వెంబడే తిరుగుతుంది. వచ్చిన మూతి గోడలో లేదు, లోపలికి పొడుచుకొచ్చి మధ్యలో ఉంది. దాని పక్కనుంచే పది సార్లు తిరిగి వెళ్తుంది కానీ అటు చూడదు. నేను గట్టు మీద పడుకుని, తల కిందకి వేలాడేసి, ఈ తిరుగుడు అరగంట సేపు చూశాను. ఫోన్లో ఆఫీసు మెసేజీలు వస్తూనే ఉన్నాయి.

మూతి తిప్పడంతో కష్టాలు తీరలేదు. రెండో రోజు నేను పెట్టిన మావులో నాలుగే పరిగెలు, పదడుగుల అవతల మావయ్య మావులో శేరు పైనే. తేడా ఏంటో ఆయన చెప్పలేదు, "ఇను" అన్నాడంతే. చెవి పెడితే నా మావు కింద సన్నగా గలగలమంటోంది. అడుగున వేలు పట్టేంత సందు ఉంది. ఆ సందులోంచి నీళ్ళు జోరుగా వస్తున్నాయి. జోరు ఎక్కడుంటే చేప అక్కడికే పోతుంది కదా, అన్నీ కిందనుంచే దాటిపోయాయి. అప్పటినుంచీ మావు దించే ముందు అడుగున మట్టి తీసి చదును చేసి, దించాక చుట్టూ ఒండ్రుమట్టి, గడ్డి కలిపి కాలితో తొక్కి, చప్పుడు ఆగేదాకా కదలకుండా ఉండటం నేర్చుకున్నాను. చప్పుడు మూతి దగ్గరే ఉండాలి. మిగతా చోట్ల నీళ్ళు నోరు మూసుకోవాలి.

గండి వెడల్పుగా ఉంటే రెండు పక్కలా తడికలు నిలబెట్టి దడి కడతారు. దడి అడ్డంగా తిన్నగా కట్టకూడదు, ఏటవాలుగా, మూతి వైపుకి దారి తీసేలా కట్టాలి. తిన్నగా కడితే చేప దడి మధ్యలోనే తచ్చాడుతుంది.

ఇంకొక సంగతి. మొదటి గట్టి వాన పడ్డ రెండు రోజులూ మావయ్య మావులు పెట్టలేదు, నన్నూ పెట్టనివ్వలేదు. ఎక్కుతున్న చేపలన్నీ జనతో, అంటే కడుపులో గుడ్లతో ఉంటాయట. "ముందు కొన్నిటిని పైకి పోనీరా. ఇప్పుడే అన్నీ తినేత్తే దిగేటప్పుడు ఏం దిగుతాయి?" అన్నాడు. పక్క గట్టున మాత్రం ఎవరూ ఆగలేదు, ఆ రెండు రోజులే మంచి పాటు అని దోమతెరలు కూడా కట్టేశారు. మావయ్య వాళ్ళని ఏమీ అనలేదు, చూసి ఊరుకున్నాడు.

ఆగస్టులో నాట్లు. గోదావరికి ఎర్రనీరు వచ్చి, టీవీల్లో రోజూ ధవళేశ్వరం దగ్గర హెచ్చరికలు చెప్తుంటే, ఊళ్ళో అందరి ధ్యాసా ఏటిగట్ల మీదే. వరద పోయేదాకా డ్రెయిన్లలో నీళ్ళు దిగక, చేలో నీళ్ళు కదలక, మావులు అటక మీదే ఉన్నాయి. నీళ్ళు కదలకపోతే మావు ఉత్త పెట్టె.

ఆ ఖాళీలోనే నేనొక దొంగ ప్రయోగం చేశాను. మావయ్యకి చెప్పకుండా, మా చెరువు గట్టున నిలవ నీళ్ళలో రెండు మావులు పెట్టాను. ఒకదాంట్లో తవుడు, కొబ్బరి పిండి కలిపిన ముద్ద గుడ్డలో కట్టి వేలాడేశాను. రెండోది ఖాళీ. ఎర ఉన్నదాంట్లో ఏమన్నా పడుతుందేమో చూద్దామని. పొద్దున్నకి ఖాళీదాంట్లో ఏమీ లేదు. ఎర పెట్టినదాంట్లో నిండా నత్తలు, నాలుగు పీతలు. పీతలు గుడ్డ చింపి పిండి తినేసి, పోతూ పోతూ కింది అల్లిక తాడు రెండు చోట్ల తెంపేశాయి. మండపీతల కోసం ఎర పెట్టి పట్టేవాళ్ళు సముద్రం దగ్గర ఉన్నారు, అది వేరే పని, ఆ బుట్టలు వేరు. నా తాడు తెగిన సంగతి మావయ్య పది రోజుల తర్వాత కనిపెట్టాడు. పీతలు కోసినట్టుందే అన్నాడు. అవునన్నాను. ఎందుకొచ్చాయి అని అడగలేదు, కానీ నవ్వు ఆపుకున్నట్టే అనిపించింది.

ఇప్పుడు చెప్పబోయేది రాయాలా వద్దా అని చాలాసార్లు అనుకున్నాను. మహాలయ అమావాస్య ముందురోజు సాయంత్రం, చిన్న వాన పడి ఆగాక, కోడుకి దగ్గరలో ఒక తూము కింద మావు పెట్టాను. మావయ్య ఆ రోజు ఊళ్ళో లేడు. నీళ్ళు మోకాలి లోతు. మావు పైభాగం జానెడు నీళ్ళ బయట ఉంది. మావయ్య ఎప్పుడూ ఇంకా ఎక్కువ ఎత్తు వదిలేవాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

రాత్రి పెద్ద వాన. దానికితోడు అమావాస్య పోటు. మా డ్రెయిన్ సముద్రం వైపే పోతుంది కాబట్టి అమావాస్యకీ పౌర్ణమికీ పోటు వచ్చినప్పుడు నీళ్ళు కిందకి దిగకుండా వెనక్కి తంతాయి. పొద్దున్నే వెళ్ళేసరికి నా మావు కనిపించలేదు. కర్ర కొన మాత్రమే కనిపిస్తోంది. నడుం లోతులో దిగి, మూత విప్పకుండానే ఎత్తాను. బరువుగా ఉంది. సంబరపడ్డాను.

లోపల మూడు కొర్రమేనులు. మూడూ చచ్చిపోయి, తెల్లబడిన కళ్ళతో. ఒకటి మూరెడు పైనే ఉంటుంది. వాటితోపాటు ఒక నీళ్ళపాము, ఒక చిన్న తాబేలు. తాబేలు కాళ్ళు చాపేసి ఉంది.

కొర్రమేను నీళ్ళలోనే ఉన్నా పైకి వచ్చి గాలి పీల్చుకోవాలి. మార్పు, ఇంగిలాయి, మట్టగిడస కూడా గాలి మింగే జాతులే. అందుకే అవి బురదలో కూడా బతుకుతాయి, సంతలో తొట్టిలో గంటలకొద్దీ కదులుతుంటాయి. కొర్రమేనుకైతే పైకి తేలే వీలు లేకపోతే నీళ్ళలోనే ఊపిరాడదు. చేప నీళ్ళలో మునిగి చచ్చిపోవడం అన్నమాట నాకు అప్పటిదాకా జోకులా ఉండేది. పాముకీ తాబేలుకీ ఎలాగూ గాలి కావాలి. మావయ్య ఆ జానెడు బదులు మూరెడు వదిలేది ఇందుకే.

ఆ కొర్రమేనుల్ని ఇంటికి తేలేదు. ఎంతసేపటి క్రితం పోయాయో తెలియదు, తినబుద్ధి కూడా కాలేదు. గట్టున గొయ్యి తీసి అన్నిటినీ కలిపి పూడ్చాను. మర్నాడు మావయ్యకి చెప్తే తిట్టలేదు. "పంచాంగం చూడకుండా మావు పెడతారంట్రా ఎవరైనా?" అన్నాడు, అంతే. ఆ తర్వాత మావు పైన ఇంకో అడుగు ఎత్తు తడిక కట్టి ఇచ్చాడు. నేను ఫోన్లో అమావాస్య, పౌర్ణమి తేదీలకి అలారం పెట్టుకున్నాను. ఆఫీసు మీటింగుల పక్కనే ఉండేవి.

ఇంగిలాయి కథ కూడా చెప్పేస్తాను, అది చిన్నది. మావు గట్టు మీద బోర్లించి చేపలు ఏరుతుంటే, నల్లగా, జెల్ల కన్నా సన్నగా ఉన్నదాన్ని చేత్తో పట్టుకున్నాను. రెక్క దగ్గరి ముల్లు అరచేతిలో దిగింది. తేలు కుట్టినట్టు అంటారు కానీ నన్ను తేలు కుట్టలేదు, పోల్చి చెప్పలేను. మోచేతి దాకా మంట పాకింది. అత్తయ్య పొయ్యి మీద నీళ్ళు కాచి, చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడిలో చెయ్యి ముంచి ఉంచమంది. గంటకి తగ్గింది. ఆ విషం వేడికి విరుగుతుందని తర్వాత తెలిసింది. అప్పటినుంచీ ఏ నల్ల చేప కనిపించినా గరిటెతోనే తీస్తాను.

అసలు పండగ నవంబరులో వచ్చింది. మా చుట్టుపక్కల ఎక్కువగా స్వర్ణ రకం వరి. కోతకి ముందు చేలో నీళ్ళు తీసేస్తారు. జూలైలో ఎదురెక్కినవి, చేలోనే పుట్టి పెరిగినవి, అన్నీ ఇప్పుడు నీళ్ళతో పాటు కిందకి దిగాలి. ఇప్పుడు మూతి చేను వైపు పెట్టాలి. జూలైలో నేను చేసిన తప్పే ఇప్పుడు ఒప్పు. మావయ్య నా చేతికి మావు ఇచ్చి, "ఇప్పుడు నీ ఇష్టం వచ్చినట్టు పెట్టుకో, తప్పు లేదు" అన్నాడు.

నీళ్ళు తీసే సంగతి రైతులతో ముందే మాట్లాడుకోవాలి. చేను వాళ్ళది. తూము ఎప్పుడు తీస్తారు, రాత్రా పగలా, ఒక్కసారిగానా కొంచెం కొంచెంగానా, అన్నీ తెలియాలి. కొంచెం కొంచెంగా తీస్తే మేలు. జోరుగా తీస్తే చేపలు కంగారుపడి చేలోనే పల్లపు చోట్ల ఆగిపోతాయి. అలా ఆగినవాటిని పిల్లలు ఊతలతో పట్టుకుంటారు. అడుగూ పైనా తెరిచి ఉండే బుట్టని బురదలో ధబ్బున వేసి, పై కన్నంలోంచి చెయ్యి పెట్టి తడిమి తీయడం. ఎర దానికీ అక్కర్లేదు. నేను ఊత వేస్తే ఒక్కటీ పడలేదు, మోకాళ్ళు మాత్రం పట్టేశాయి.

ఆ రాత్రి మూడు తూముల దగ్గర నాలుగు మావులూ పెట్టి, టార్చిలైట్లు పట్టుకుని కాపలా కూర్చున్నాం. మంచు పడుతోంది. ఎనిమిదింటికి ఎత్తితే అడుగున పరిగెలు. పదింటికి ఎత్తితే సగం నిండింది. జెల్లలు, మట్టగిడసలు, రెండు మార్పులు, మంచినీటి రొయ్యలు గుప్పెడు, పాములా మెలికలు తిరిగే బొమ్మిడాయిలు ఐదు. బొమ్మిడాయిలు పుల్లల సందుల్లోంచి సగం బయటికి జారి, మధ్యలో ఇరుక్కుని వేలాడుతున్నాయి. జిలేబీ చేపలు కూడా పడ్డాయి, అవి ఇప్పుడు ప్రతి నీళ్ళలోనూ ఉన్నాయి. అర్ధరాత్రి మూడో మావులో ఒకటి గరగరా శబ్దం చేసింది. తీసి చూస్తే ఒళ్ళంతా గరుకు పలకలతో, మచ్చలతో ఉన్న దెయ్యం చేప. ఎవరో అక్వేరియం కోసం తెచ్చుకున్న జాతి కాలువల్లోకి చేరి ఇక్కడి చేపలకి ఎసరు పెడుతోంది. మావు అల్లిక మూడు పుల్లలు విరగ్గొట్టింది. మావయ్య దాన్ని నీళ్ళలోకి వదల్లేదు, గట్టు మీదకి విసిరేశాడు. కొర్రమేను పిల్లల్ని మాత్రం, చిటికెనవేలంత ఉన్నవాటిని ఏరి, దోసిలితో కోడులో వేశాడు.

తెల్లారేసరికి రెండు బుట్టలు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనంత. చిక్కల్లా ఏంటంటే అది కార్తీక మాసం.

మా అమ్మ కార్తీకంలో చేప ముట్టదు, ఇంట్లో వండదు, వండనివ్వదు. నేను బుట్ట మోసుకుని గుమ్మం దగ్గర నిలబడితే, లోపలినుంచే "దాన్ని ఇటు తేకు, అటునుంచే పట్టుకెళ్ళు" అంది. నాన్న మంచం మీదనుంచి మెడ చాపి చూసి, నిట్టూర్చి, మళ్ళీ పేపరు చదువుకున్నాడు. వీధిలో సగం ఇళ్ళదీ ఇదే వరస. మావయ్య వాళ్ళింట్లో అలాంటి పట్టింపు లేదు. అత్తయ్య పరిగెల్ని బూడిద వేసి రాతి మీద రుద్ది తోమి, చింతపండు పులుసు పెట్టింది. నేను వాళ్ళ అరుగు మీదే కూర్చుని తిన్నాను. మిగతావి పంచాం, కొన్ని మావయ్య అమ్మాడు, కొన్ని ఉప్పు రాసి ఎండబెట్టారు. అమ్మ వాటిని ఆరబెట్టిన వైపు కూడా చూడలేదు కానీ, పిల్లి రాకుండా రెండుసార్లు అదిలించడం నేను చూశాను.

ఈ మధ్య బజార్లో పచ్చటి నైలాను మావులు వచ్చాయి. ముడుచుకునే పొడుగు సంచుల్లాంటివి, కంత చాలా చిన్నది. వెదురు పని లేదు, నానబెట్టక్కర్లేదు, మోటార్‌సైకిల్ మీద పది పట్టుకుపోవచ్చు. నేనూ ఒకటి కొందామనుకున్నాను, అబద్ధం ఎందుకు. పక్క ఊరి కుర్రాడు ఒకటి ఎత్తితే చూశాను. నిండా పడ్డాయి. సగం అగ్గిపుల్లంత పిల్లలే. వాటిని గట్టు మీద దులిపేసి, పెద్దవి ఏరుకుని వెళ్ళిపోయాడు. కాకులు దిగాయి. ఆ నైలాను కోడులో తెగి ఉండిపోతే కుళ్ళదు కూడా, అందులో చేపలు పడుతూనే ఉంటాయి. మా వెదురు మావు వదిలేస్తే రెండేళ్ళలో మట్టి. కొనడం మానేశాను. ఆ కుర్రాణ్ణి తప్పుపట్టే హక్కు నాకుందా అంటే, నాకు నెల నెలా జీతం వస్తుంది, అతనికి ఆ చేపలే జీతం.

కార్తీకం వెళ్ళింది. పోలి స్వర్గం రోజు తెల్లవారుజామున అమ్మ అరటిదొప్పల్లో దీపాలు వదిలొచ్చి, స్నానం చేసి, వంటింట్లోంచి నన్ను పిలిచింది. రేపటికి చేపలు తీసుకురా, నెల రోజులైంది అంది.

అప్పటికి కోతలు సగం అయిపోయాయి. చేలు ఎండిపోయాయి. మావయ్య మావులు కడిగి, ఆరబెట్టి, పొయ్యి పైన అటక మీద పొగ తగిలేలా పెట్టేశాడు. ఒకటి నేను అడిగి దింపించుకున్నాను. ఊరంతా తిరిగి, ఆఖరికి కోడు పక్కన ఆలస్యంగా నాటిన ఒక చేను దొరికింది. తూములోంచి ధార బొటనవేలంత లావున దిగుతోంది. ఎవరి సాయం లేకుండా అడుగు చదును చేసి, మట్టి తొక్కి, చప్పుడు విని, పంచాంగం చూసుకుని, పైన మూరెడు వదిలి, మూతి చేను వైపు పెట్టాను. ఒక్క తప్పు కూడా చేయలేదు.

పొద్దున్న ఎత్తితే గుప్పెడు పరిగెలు, ఒక బొమ్మిడాయి.

అమ్మ గిన్నెలో పోసుకుని, అటూ ఇటూ తిప్పి, లెక్కపెట్టి చూసింది. "ఇవి నలుగురికా?" అంది. తర్వాత పెరట్లోకి వెళ్ళి నాలుగు వంకాయలు కోసుకొచ్చి, పులుసులో వేసి సరిపెట్టింది.